గోధుమ గింజంత కొవ్వు

తలుపుకి ఎదురుగా, పరుపులు దొంతరగా పేర్చిన గోడ దగ్గర, గదిలో అన్నిటికన్నా లోపలి చోట కూర్చోబెట్టారు ఆయన్ని. కూర్చోబెట్టరూ మరి, డెబ్బై మూడేళ్ళ మనిషి, తెల్లగడ్డం, పెళ్ళికూతురి తాత, ఎంత గౌరవమైతే మనిషిని అంత లోపలికి తోస్తారు, అనుకుంది సైరాకాన్, తలుపు పక్కన ఆడవాళ్ళ వరసలో కూర్చుని. ఆయనకి కావలసిన ఈ తలుపు పక్క చోటు తనకి దొరికింది. తను ఉండవలసిన చోట, అంటే ఆయన ఎడమ పక్కన, పెళ్ళికొడుకు నాయనమ్మ తుర్సునై కాళ్ళు మడుచుకుని కూర్చుంది. సైరాకాన్ దారి పొడుగునా వేసుకున్న ఎత్తు ఒకటే, ఆయన పక్కన కూర్చోవడం, వియ్యపురాలు కొవ్వు ముక్క ఆయన నోట్లో పెట్టగానే అందరూ నవ్వే సందట్లో తన రుమాలు ఆయన చేతిలో పెట్టడం, ఆయన దగ్గినట్టు దగ్గి అందులో ఊసెయ్యడం. రుమాలు ఇంకా అరచేతిలోనే ఉంది, చెమటకి తడిసింది. గడప దాటగానే తుర్సునై చెయ్యి పట్టుకుని ఇటు లాగేసింది. "మొగుడూ పెళ్ళాం యాభై ఏళ్ళుగా ఇంటి దగ్గర అంటుకునే కూర్చున్నారుగా! ఇవాళ్టికి ఈ ముసలాణ్ణి నాకొదిలెయ్ వియ్యపురాలా, కొరుక్కు తిననులే!" అంది, ఇల్లంతా గొల్లుమంది.  నవ్వింది. నవ్వి ఇక్కడ కూలబడింది. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఇంత పొడుగు బట్ట పరిచి ఉంది, దాని నిండా వేయించిన రొట్టె ముక్కలు, మీగడ, ఎండు ఆప్రికాట్లు, తేనె, అటు పది మంది, ఇటు పది మంది, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేట్టు. ఆయన లేవాలంటే ఆ పది మందీ లేవాలి. ఆ లేవడం ఎవరికీ చేతకాదు, దీవెన చదివి అరచేతులు మొహానికి రాసుకునే దాకా బట్ట దగ్గర్నించి ఎవరూ లేవరు, మధ్యలో లేచాడంటే తిండి నచ్చలేదనో, మనుషులు నచ్చలేదనో, సంబంధం నచ్చలేదనో.

ఆయన చెయ్యి చూడు, చెయ్యి చూస్తే తెలుస్తుంది. మొహం చూస్తే ఏమీ తెలీదు, కడిరాలి మొహం ఎండలో ఆరిన తోలులాంటిది, కొండ మీద మంచు తుపాను వచ్చినా, కూతురు పుట్టినా ఒకేలా ఉంటుంది. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది, బోర్లా. ముప్ఫై ఆరేళ్ళు లారీ తోలిన చెయ్యి. కడుపులో మెలి మొదలయితే ఆ చెయ్యి తనకి తెలీకుండానే మోకాలి చిప్పని పట్టుకుంటుంది, గేరు రాడ్డు పట్టుకున్నట్టు. నాలుగులోంచి మూడు. మూడులోంచి రెండు. ఒకటిలో పడిందంటే ఇంక ఆగదు, లేవాల్సిందే. ఆ సంగతి ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు, అనుకుంటుంది సైరాకాన్, డాక్టరమ్మకి కూడా తెలీదు. ఇప్పుడు చెయ్యి నాలుగులో ఉంది. అట్‌బాషీ అనే ఈ ఊరి మొదట్లో పోప్లార్ చెట్లు కనపడగానే కడుపు మెలికి గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, వేసుకున్నాడు, తిండికి అరగంట ముందు వేసుకోవాలి అది. పాత పొగాకు డబ్బీలోంచి తీసి వేసుకుంటాడు. నోట్లో పెట్టుకునే పచ్చ పొగాకు ఎప్పుడో మానేశాడు, డబ్బీ మాత్రం అట్టే పెట్టుకున్నాడు, జనం అలవాటు పొగాకే అనుకుంటారు, ఎవరూ అడగరు. కానీ అరగంట అని ఆయన లెక్క వేస్తే వీళ్ళు గంట చేశారు, ఇంకా మాంసం ఉడుకుతూనే ఉంది. వంటగదిలోంచి వాసన వస్తోంది. గొర్రె తోక కొవ్వు వాసన. ఆ వాసనకి ఎవరికైనా నోరూరుతుంది, తనకి వెన్నులో చలి పుడుతోంది.

ఇరవై నాలుగేళ్ళ కిందట కూడా ఇదే వాసన. కొడుకు పెళ్ళి మాట, కోడలు గుల్సూన్ పుట్టిల్లు, నారిన్ ఏటి ఒడ్డున. అప్పటికి మాత్రలూ లేవు, జబ్బుకి పేరూ లేదు. ఇలాగే లోపలి చోటు, ఇలాగే పళ్ళెం, పళ్ళెంలో పల్చగా కోసిన కాలేయం, దాని మీద తెల్లగా తోక కొవ్వు. ఆ రెండూ కలిపి అవతలి వాళ్ళ చేత్తో నోట్లో పెట్టించుకుని తింటే సంబంధం ఖాయమయినట్టు, ఇంక ఆ మాట ఎవరూ వెనక్కి తీసుకోలేరు. తినకపోతే? తినకపోవడం అనేది తను అంతవరకూ వినలేదు. ఆ రోజు చూసింది. గుల్సూన్ వాళ్ళమ్మ ముక్క పట్టుకుని నవ్వుతూ వంగుతోంది, కడిరాలి చెయ్యి ఒకటో గేరులో పడింది, లేచాడు, బట్ట తొక్కుకుంటూ, ఎవరి టీ గిన్నెనో తన్నేస్తూ, చెప్పులు లేకుండా బయటికి. వెనక్కి వచ్చేసరికి ముక్క చల్లారి పళ్ళెంలో మైనంలా గడ్డకట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే భయం వేసింది తనకి. పెళ్ళయితే జరిగింది, పిల్లా పిల్లాడూ పట్టుబట్టారు కాబట్టి. కానీ ఆ పిల్ల మీద పడింది ఆ రోజు నింద. పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ మేనత్తలు అనేవాళ్ళట, మా కొవ్వు మీ మామ గొంతు దిగలేదుగా, నిన్ను ఎట్లా దించుకున్నాడే అని. ఒకసారి, ఒకే ఒక్కసారి, రొట్టెల పిండి పిసుకుతూ చెప్పింది ఆ మాట, ఏడవకుండా, పిండి వైపే చూస్తూ. ఇప్పుడు ఆ గుల్సూన్ కూతురు ఐదాయ్ కోసమే వచ్చారు అందరూ. ఐదాయ్ ఇంటి దగ్గరే ఉంది కోచ్‌కోర్‌లో, నూరుసార్లు ఫోను చూసుకుంటూ ఉంటుంది. బయల్దేరేటప్పుడు తాత మెడ పట్టుకుని, "తాతా, నీకు కష్టమయితే వద్దు. మేం ఏదో చెప్పుకుంటాం" అంది. "ఏం చెప్పుకుంటావే? కొండ దిగడం రాని లారీడ్రైవరు మా తాత అని చెప్పుకుంటావా?" అన్నాడు ఈయన. అని నవ్వాడు కూడా.  ఇప్పుడు ఇటు పక్కన కూర్చున్న గుల్సూన్ టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగకుండా చూస్తోంది. ఈ పిల్లకి ఎంత భయంగా ఉందో.

లారీ. ఆ లారీకి ఊళ్ళో పేరు ఉండేది, వేడి బండి అని. దొలోన్ కనుమ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, ఒక్కోరోజు నాలుగుసార్లు, రేడియేటర్ కాగిపోయిందని ఆపేవాడు, మూత ఎత్తి పెట్టేవాడు, నీళ్ళ డబ్బా పట్టుకుని బండరాయి వెనక్కి వెళ్ళేవాడు, వాగు అక్కడ ఉందని. వాగు ఇటు పక్కనుంటే అటు ఎందుకు వెళ్తున్నాడని ఎవరూ అడగలేదు. గ్యారేజీ వాళ్ళు మూడు రేడియేటర్లు మార్చారు ఆ బండికి. నాలుగోది కావాలని రాస్తే పై ఆఫీసరు స్వయంగా వచ్చి, తనే తోలి చూసి, "ఇంత చల్లని బండి నేనెప్పుడూ చూళ్ళేదు" అని తల గోక్కుంటూ పోయాడు. ఆ కథ చెప్పి ఇంట్లో ఎంత నవ్వించేవాడో. నవ్వించేవాడు గానీ, ఆ కనుమలో ప్రతి మలుపూ ఆయనకి ఎందుకు గుర్తో, ఏ రాయి మనిషిని దాస్తుందో, ఏది దాచదో, జనవరి గాలిలో ఆ రాయి వెనక కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పేవాడు కాదు. తను ఒకసారి ఆయనతో ఆ బండిలో వెళ్ళింది. అప్పుడు చూసింది ఆ మనిషిని, ఇంట్లో చూసే మనిషి కాదు, చెమటలు కక్కుతూ, పెదవి కొరుక్కుంటూ, ఒక్కసారి కూడా లోడు ఆలస్యం చెయ్యకుండా, ఒక్కసారి కూడా రోడ్డు అంచు దాటకుండా. ముప్ఫై ఆరేళ్ళు. తనైతే మూడోరోజున తాళాలు పడేసి ఇంటికొచ్చేది.

"ఏంటి వియ్యంకుడా, పులిసిన గుర్రం పాలంటే అంత ఇష్టం లేదా? మా ఆడగుర్రాలు మీ కోచ్‌కోర్ గుర్రాలకి తీసిపోయాయా?" పెళ్ళికొడుకు తాత మామాసాలి, బట్టకి అవతల నుంచి. చేతిలో నిండు గిన్నె.

"గుర్రాలది తప్పేముంది బావా," కడిరాలి గొంతు, మెల్లిగా, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, "నాది పాత ఇంజను. పులిసిన పెట్రోలు పోస్తే తన్నుతుంది." గిన్నె అందుకుని పెదవి తడిపి, పక్కవాడికి అందించాడు. నవ్వారు. దాటిపోయింది. ఆ పెదవి తడపడం ఎంత ఒడుపుగా చేస్తాడో, గిన్నె గౌరవం గిన్నెకి ఉంటుంది, కడుపు మర్యాద కడుపుకి ఉంటుంది. పాలు, పులిసినవి, పచ్చి ఉల్లి, కొవ్వు. నలుగురు శత్రువులు. ఈ దేశంలో ఆ నాలుగూ కాక తినడానికి ఇంకేముందని, మనిషి పుట్టిందే ఆ నాలుగింటి కోసమయితే. మొదట్లో ఎంత మంది ఎన్ని చెప్పారు, దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు, ఎలుగుబంటి కొవ్వు కరిగించి గోరువెచ్చగా తాగమన్నారు, అది తాగిన రోజు ఆయన పెరట్లోంచి లోపలికి రానేలేదు. సొంత అన్నని మట్టిలో పెట్టేటప్పుడు నిలబడలేక పక్కకి పరుగెత్తాడు ఒకసారి, అన్న కొడుకులు రెండేళ్ళు మాట్లాడలేదు. అప్పుడు కూడా నోరు విప్పి చెప్పలేదు, ఏమని చెప్తాడు, మగవాడు కాలు విరిగితే చెప్పుకుంటాడు, గుండె ఆగితే జనమే చెప్పుకుంటారు, ఇదేమని చెప్తాడు.

నారిన్ ఊళ్ళో డాక్టరమ్మ చెప్పింది. చిన్న పిల్లలా ఉండేది అప్పుడు, రెండు జడలు. గొట్టం వేసి చూశారు, రక్తం తీశారు, స్కానింగు తీశారు, అన్ని కాగితాలూ ముందు పరుచుకుని కూర్చుంది. "బాబాయ్, మీ పేగు మంచిదే. పుండు లేదు, గడ్డ లేదు. దాన్ని చిరాకు పేగు అంటారు. వాకిట్లో ఎవరు నడిచినా మొరిగే కుక్క ఉంటుంది చూశారా, అలాంటిది. కుక్కని చంపుకోం కదా. మచ్చిక చేసుకోవాలి." ఈయన టోపీ చేతుల్లో తిప్పుతూ, "ఎన్నాళ్ళు మింగాలమ్మా ఈ మాత్రలు?" అన్నాడు. "మీరు బండిలో ఆయిలు ఎన్నాళ్ళు పోస్తారు బాబాయ్?" "బండి తిరిగినన్నాళ్ళూ." "అంతే మరి." ఆ పిల్ల నోట్లో తేనె పొయ్య, ఇరవై రెండేళ్ళయింది, ఇంకో మాట అక్కర్లేకపోయింది ఆయనకి. పొద్దున, సాయంత్రం తిండికి ముందు గొట్టం మాత్ర. పడుకోబోయే ముందు చిన్న మాత్ర సగం. ఆ చిన్న మాత్ర దగ్గరే గొడవ వచ్చింది, తను డబ్బాలో కాగితం చదివింది, దిగులు జబ్బుకి అని రాసుంది. తను రొట్టె వదిలేసి వచ్చి, "నీకు దిగులేమిటయ్యా? నేనేం తక్కువ చేశాను నీకు?" అని నిలదీసింది. "నువ్వేం తక్కువ చెయ్యలేదే. నా పేగుకి చదువు రాదు, డబ్బా మీద ఏం రాసుందో దానికి తెలీదు, నువ్వు చెప్పకు" అన్నాడు. తరవాత డాక్టరమ్మ చెప్పింది, అదే మందు కొంచెం వేస్తే పేగు నరాలు ఉలిక్కిపడటం తగ్గుతుందని. నోరెండుతుంది దానితో. అందుకే నున్నటి ఆప్రికాట్ గింజ ఒకటి బుగ్గన పెట్టుకుంటాడు, పగలల్లా. ఆ మందు గుండెకి పడుతోందో లేదోనని ఏడాదికోసారి వెళ్ళి చూపించుకు వస్తాడు. ఒక్క పూట మానలేదు. బాగుంది కదా అని మానలేదు, బాగాలేదని రెండు మింగలేదు. అందరు ముసలాళ్ళనీ చూస్తుందిగా తను, తగ్గగానే మాత్రలు అటక మీద పారేసేవాళ్ళనీ, పక్కింటాయన మాత్రలు అరువు తెచ్చుకు మింగేవాళ్ళనీ. ఈయన అలా కాదు. బండికి గ్రీజు పెట్టినట్టే.

ఇంకా ఆ పుస్తకం. లారీ రోజుల్లో దారి పుస్తకం రాసేవాడు కదా, రిటైరయ్యాక కూడా మానలేదు, ఇప్పుడు కడుపు దారి రాస్తాడు. ఎవరు తెరిచినా అర్థం కాదు. దారి పొడిగా ఉంది. పొగమంచు. రాళ్ళు దొర్లాయి. కనుమ మూసేశారు. మొదటి రెండేళ్ళూ కనుమ మూసిన రోజులే. ఏం తిన్నాడు, ఎంత నడిచాడు, ఎవరితో పోట్లాడాడు, అన్నీ పక్కన చిన్న గుర్తులు. వాటిని చూసి చూసి నేర్చుకున్నాడు, కేరట్‌తో బియ్యం వండితే పొడి దారి, చల్లటి నీళ్ళు తాగితే మంచు, తొందర పడితే రాళ్ళు. తొందరే పెద్ద శత్రువు అని చెప్పాడు ఒకసారి తనకి, కొవ్వు కన్నా. ఎక్కడికైనా వెళ్ళాలంటే గంట ముందు తయారయి కూర్చుంటాడు. మాట్లాడటం కూడా అందుకే మెల్లిగా అయిందేమో. నాలుగోక్లాసు చదివిన మనిషి, తన ఒంటిని తను ఇంత చదివాడు. ఈ నెలలో ఆ పుస్తకంలో కొత్తరకం గుర్తులు కనపడ్డాయి, రోజుకో చుక్క, మొదట ఈగంత, తరవాత కొంచెం పెద్దవి, వారం వారానికీ లావెక్కుతూ. ఏమిటివి అంటే గుర్రం దాణా అన్నాడు. గుర్రం కూడా ముసలిదే మరి, దానికేదో పెడుతున్నాడు అనుకుంది. రోజూ పొద్దున పదింటికి కొట్టం దగ్గరికి వెళ్ళి, గిట్ట చూసొస్తానని, అటునుంచి అటే ఏటి దాకా నడిచి వచ్చేవాడు.

తుర్సునై ఆయన భుజం మీద చరిచింది ఏదో చెప్తూ. మోకాలి మీద చెయ్యి కదిలింది. మూడు.

ఊపిరి పీల్చుకో ముసలాయనా. మెల్లిగా. నీకే తెలుసుగా. తను కూడా పీల్చింది ఆయన కోసం. వంటగది తలుపు తెరుచుకుంటే ఆవిరి వచ్చి మొహానికి తగిలింది. ఇంట్లో సామాన్ల గది గుర్తొచ్చింది ఆ వాసనకి, చలి గదిలో గుడ్డలో చుట్టి వేలాడదీసిన తోక కొవ్వు, ఉప్పేసి పెట్టింది, చలికాలానికని. ఈ నెల అది తరిగిపోవడం మొదలయింది. ముందు పిల్లి అనుకుంది. పిల్లి కత్తితో కోస్తుందా? సన్నగా, నున్నగా, కొలిచినట్టు కోసిన గాటు. ఇంట్లో ఉన్నది ఎవరు, ముసలాయన కొవ్వు వాసనకే దూరం, కొడుకు మంద దగ్గరే ఉంటాడు వారమంతా, ఇంకెవరు? "గుల్సూన్, ఆ కొవ్వు నువ్వు కోసుకుంటున్నావా?" ఆ పిల్ల పొయ్యి ముందు నుంచి లేచి, మొహం ఎర్రగా చేసుకుని, "అవునత్తయ్యా. నోరు కట్టుకోలేకపోయాను" అంది. "అడిగితే పెట్టనా నేను? దొంగతనమెందుకే, ఈ వయసులో!" అంది తను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఉన్ని దువ్వే దగ్గర పదిమంది ఆడవాళ్ళ ముందు చెప్పి నవ్వింది, మా కోడలు కూతురి పెళ్ళికని కొవ్వు పోగుచేస్తోంది, తన ఒంట్లోనే అని. అందరూ నవ్వారు. గుల్సూన్ కూడా నవ్వింది, తల దించుకుని దువ్వుకుంటూ. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ఇది. రుమాలు తడిసి ముద్దయింది.

పళ్ళెం వచ్చింది. పెద్ద పళ్ళెం, అందరికీ కనపడేట్టు ఎత్తి పట్టుకుని వచ్చారు. నల్లటి కాలేయం ముక్కలు, వాటి మీద తెల్లగా నిగనిగలాడుతూ తోక కొవ్వు, వణుకుతోంది. ఇల్లంతా లేచినట్టయింది గొంతులతో. ఆడవాళ్ళు ముందుకి వంగారు. తుర్సునై చేతులు పైకి మడుచుకుంది, అరచెయ్యంత ముక్క ఎంచుకుంది, అంత ముక్క తను ఈ మధ్య ఎక్కడా చూడలేదు, ఎంత ముక్కయితే అంత ప్రేమ కదా. "నోరు తెరు వియ్యంకుడా! కోచ్‌కోర్ వాళ్ళ నోళ్ళు మాటలకే పెద్దవా, తిండికి కూడానా, చూద్దాం!"

చెయ్యి చూడు. మూడు. రెండు.

దేవుడా, రెండు. ఇరవై నాలుగేళ్ళ కిందట రెండులోంచి ఒకటికి ఎంతసేపు పట్టింది? ఇంత కూడా పట్టలేదు. తను లేవాలి, ఏదో ఒకటి చెయ్యాలి, టీ ఒంపెయ్యాలి బట్ట మీద, కళ్ళు తిరిగినట్టు పడిపోవాలి. మోకాళ్ళ మీద లేవబోతుంటే ఎవరో కొంగు పట్టుకుని లాగారు. గుల్సూన్. అటే చూస్తోంది, పెదవులు కదుపుతూ, లెక్కపెడుతున్నట్టు.

కడిరాలి నడుముకున్న చాకు తీశాడు. తొందర లేదు. ఒక మనిషి తన ఇంటి వాకిట్లో ఆపిల్ కోసుకుంటున్నట్టు తీశాడు. "ఆగు వియ్యపురాలా. నీ చెయ్యి పెద్దది, నా బండి చిన్నది. లోడు పంచుకోవాలి." అని, ఆమె చేతిలో ఉన్న ముక్కని ఆమె చేతిలోనే, కాలేయం కొవ్వు రెండూ కలిసేట్టు, బొటనవేలి కణుపంత కోశాడు. నున్నటి గాటు. కొలిచినట్టు. ఆ గాటు ఎక్కడ చూసింది తను. "ఇది నాకు పెట్టు. మిగతాది నేను నీకు పెడతా. ఒకే ముక్క రెండిళ్ళూ తింటే ఇంక ఎవరి తాతా విడదియ్యలేడు."  మామాసాలి తొడ చరుచుకుని, "పెట్టరా బావా, పెట్టు! యాభై ఏళ్ళుగా ఆ నోరు మూయించేవాడి కోసం చూస్తున్నా!" అన్నాడు, ఇల్లు కూలిపోయేట్టు నవ్వారు. తుర్సునై ఆ కణుపంత ముక్క ఆయన నోట్లో పెట్టింది, జిడ్డు వేళ్ళు ఆయన గడ్డానికి రాసింది. ఆయన మిగతా ముక్కంతా ఆమె నోట్లో కుక్కాడు, ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేట్టు నవ్వుతూ నమిలింది. ఆయన నములుతున్నాడు. ఊసే మనిషి నమిలినట్టు కాదు, మెల్లిగా, ఇటు పది, అటు పది. గుటక. గొంతు కదలడం కనపడింది ఇంత దూరం నుంచి.

మింగాడు.

ఇప్పుడు. ఇంక ఇప్పుడుంది. ఇదివరకు ఎంతసేపు, టీ గిన్నె చల్లారినంతసేపు. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఎవరో ఎవరి మొహానికో మీగడ పూశారు, తనకి ఏదీ వినపడటం లేదు, ఆ చెయ్యి తప్ప ఇంకేదీ కనపడటం లేదు. రెండు. రెండులోనే ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, నిద్ర వచ్చిన ముసలివాడిలా, కానీ తనకి తెలుసు, పీల్చి, పట్టి, వదులుతున్నాడు, డాక్టరమ్మ నేర్పింది అది. రెండు. రెండు. బుగ్గన ఆప్రికాట్ గింజ కదిలింది. చెయ్యి మోకాలి మీద కొంచెం జరిగింది. మూడు. పైకి! మూడు అంటే పైకి. కొండ దిగిపోయి చదును దారిలో పడ్డ బండిలా, మూడు, కాసేపటికి నాలుగు.

"అత్తయ్యా," గుల్సూన్ చెవిలో, ఊపిరి వెచ్చగా, "ఆ కొవ్వు నేను తినలేదు."

"ఏ కొవ్వు?"

"సామాన్ల గదిలోది. మామయ్య కోసుకునేవాడు. మొదటివారం గోధుమ గింజంత. నేను కొట్టంలో చూశాను, గుర్రం పక్కన నిలబడి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నన్ను చూసి, మీ అత్తకి చెప్పకమ్మా, అది భయపడుతుంది, దాని భయం చూస్తే నా పేగు ఇంకా భయపడుతుంది అన్నాడు. రెండోవారం బఠాణీ అంత. ఒకరోజు బాగా మెలిపెట్టింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి గోధుమ గింజ దగ్గర్నించి మొదలుపెట్టాడు. నిన్నటికి బొటనవేలి కణుపు." గుల్సూన్ ఇంకా దగ్గరికి వంగింది. "డాక్టరమ్మని కూడా అడిగి వచ్చాడు. మాత్రలు మానకుండా, కొంచెం కొంచెంగా చూసుకోమందిట. నిన్ను మీ పుట్టింట్లో సిగ్గుపడేట్టు చేశాను, నీ కూతురికి కూడా అదే చెయ్యను అన్నాడు."

చుక్కలు. ఈగంత, బఠాణీ అంత. గుర్రం దాణా. రోజూ ఒక చుక్క, మొరిగే కుక్కకి రోజూ ఒక చిన్న ముక్క వేస్తూ దగ్గరికి వెళ్ళినట్టు. తను రుమాలు మడిచింది, తను ఎత్తు వేసింది, ఆయన్ని కాపాడేది తనే అనుకుంది ఇరవై రెండేళ్ళూ. ఇటు చూస్తే ఈ పిల్ల. దొంగ అనిపించుకుంది. పది మందిలో నవ్వించుకుంది, తనూ నవ్వింది వాళ్ళతో. ఒక్కమాట, మామయ్యే అత్తయ్యా అని ఒక్కమాట అంటే అయిపోయేది కదా. నెలరోజులు.

 పళ్ళెం చేతులు మారుతూ ఇటు వచ్చింది, ఆడవాళ్ళ వరసలోకి. సైరాకాన్ తడిసిన రుమాలు కింద పెట్టేసింది. కాలేయం ముక్క ఒకటి తీసింది, దాని మీద తెల్లటి కొవ్వు పెట్టింది, గుల్సూన్ వైపు తిరిగింది. ఇది చెయ్యరు ఎవరూ. అవతలి ఇంటి వాళ్ళకి పెడతారు గానీ సొంత కోడలికి ఎవరు పెడతారు?

"ఇదేం చోద్యం!" అని అరిచింది తుర్సునై, అటునుంచి. "వియ్యపురాలా, మా వాళ్ళు ఇటున్నారు! మీ పిల్లకే మీరు పెట్టుకుంటారేంటి?"

"ఇరవై నాలుగేళ్ళ కిందట మా ఇంటి వాళ్ళు తినకుండా వదిలేసిన ముక్క ఒకటుంది," అంది సైరాకాన్.  "అది ఇవాళ పెడుతున్నా. నోరు తెరువమ్మా."

గుల్సూన్ తెరిచింది. పెదవుల మీద జిడ్డు మెరిసింది. నమలడం మర్చిపోయి అత్త మొహం చూస్తూ కూర్చుంది, తరవాత నమిలింది.

మామాసాలి గొంతు సవరించుకున్నాడు. అందరూ అరచేతులు తెరిచి పట్టుకున్నారు. దీవెన పొడుగ్గా సాగింది, పిల్లల పేర్లు, మందల పేర్లు, చనిపోయిన పెద్దల పేర్లు. సైరాకాన్ కూడా చేతులు తెరిచింది గానీ ఆమె కళ్ళు వేళ్ళ సందులోంచి ఆ లోపలి గోడ దగ్గరికే వెళ్ళాయి. కడిరాలి చేతులు రెండూ పైకి తెరిచి ఉన్నాయి, ముప్ఫై ఆరేళ్ళు రాడ్డు పట్టుకున్న కుడి చెయ్యి కూడా, గేరు లేదు, ఏమీ లేదు, ఖాళీగా, ఆకాశం వైపుకి. బండి న్యూట్రల్‌లో ఉంది. దీవెన అయిపోయింది, అందరూ అరచేతులు మొహానికి రాసుకుని లేచారు. ఆయన మాత్రం లేవలేదు. ఇంకో గిన్నె టీ పొయ్యమని గిన్నె ముందుకి జరిపాడు.